అవ్వ చేతి మీదుగా నడిచిన ఇల్లు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో నాయన తల్లినీ అమ్మ తల్లినీ అవ్వ అనే పిలుస్తారు. కొన్ని ఇళ్ళలో జేజి అంటారు. ఉమ్మడి కుటుంబాలు బలంగా ఉన్న రోజుల్లో ఇంట్లో గింజల లెక్క, పొయ్యి, కాన్పులు, పెళ్ళి సంబంధాలు, పండుగలు, పెద్దల దినాలు అన్నీ ఈ అవ్వ చేతి మీదుగానే నడిచేవి. భూమి పట్టా మాత్రం ఆమె పేరిట ఉండేది కాదు. ఇంట్లో చెల్లే మాటకూ, కాగితం మీద లేని హక్కుకూ మధ్య ఉన్న ఈ ఎడం ఆమె జీవితం పొడుగునా కనిపిస్తుంది. 1925–30 ప్రాంతంలో పుట్టి, ఎనభై తొంభై ఏళ్ళు బతికి, మునిమనవళ్ళను ఒళ్ళో ఆడించిన తరం కళ్ళ ముందే ఆ ఎడం కొంత కొంతగా తగ్గుతూ వచ్చింది.

ఆ తరం పుట్టేనాటికి ఈ మూడు ఊళ్ళూ మద్రాసు ప్రెసిడెన్సీలోని అనంతపురం జిల్లాలో ఉండేవి. 1882లో బళ్ళారి జిల్లా నుంచి విడదీసిన జిల్లా అది. అప్పట్లో ఈ సీమను దత్తమండలాలు అనేవారు. 1928లో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు సూచించాకే రాయలసీమ అన్న పేరు నిలబడింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడి, ఈ మూడు ఊళ్ళూ అందులో చేరాయి. మెట్టినింటి గడప దాటి ఎక్కడికీ కాపురం మార్చని మనిషికి కూడా ఇన్ని చిరునామాలు మారాయి.

నేల తీరు మాత్రం మారలేదు. పడమటి కనుమలు నైరుతి రుతుపవనాల మేఘాలను అడ్డుకుంటాయి. తూర్పు తీరం దూరం కాబట్టి ఈశాన్య రుతుపవనాల వాన కూడా పలచబడే వస్తుంది. ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ అదునుకు పడుతుందన్న నమ్మకం లేదు. పెన్న, జయమంగళి, చిత్రావతి పేరుకు నదులే గాని ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే. అందుకే ఈ సీమలో ఊరికి ప్రాణం చెరువు. ధర్మవరం చెరువు కట్టించిన క్రియాశక్తి ఒడెయరు తన తల్లి ధర్మాంబ పేరునే ఊరికి పెట్టాడని స్థానికంగా చెప్పుకుంటారు.

ఈ అవ్వలకు పుట్టిన తేదీలు తెలియవు. ప్రభవలో పుట్టాననో, విభవలో పుట్టాననో చెబుతారు. ప్రభవ 1927లో వచ్చింది, అరవై ఏళ్ళ చుట్టు తిరిగి 1987లో మళ్ళీ వచ్చింది. ప్రభవలో పుట్టి రెండో ప్రభవను చూసినవాళ్ళు ఊరికి కొద్దిమందే ఉండేవారు. 1951 నాటికి కూడా దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్ళేనని గుర్తుంచుకుంటే, తొంభై ఏళ్ళు బతికిన అవ్వ ఎన్ని గండాలు గట్టెక్కిందో అర్థమవుతుంది. కాన్పుల్లో, ప్లేగులో, కలరాలో, మశూచిలో పోయినవాళ్ళు పోగా మిగిలిన మనిషి ఆమె. ఆమె చిన్నతనంలో ఇంట్లో ఉన్న ముసలివాళ్ళు 1876–78 నాటి మహాకరువును కళ్ళారా చూసినవాళ్ళు. ధాత సంవత్సరంలో మొదలైంది కాబట్టి దాన్ని ధాత కరువు అన్నారు. బళ్ళారి, అనంతపురం, కర్నూలు, కడప సీమల్లో జనం లక్షల్లో చనిపోయిన ఆ కరువు కథలు వింటూ పెరిగిన పిల్ల, అన్నం మెతుకు నేలరాలితే ఏరి కళ్ళకద్దుకునే అలవాటును మనవళ్ళ దాకా అందించింది.

ఆ తరం ఆడపిల్లలకు పెళ్ళి చిన్ననాడే అయింది. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్ళు నిండాలన్న శారదా చట్టం 1929లో వచ్చి 1930 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అమలు తేదీలోగా దేశమంతటా హడావుడిగా పెళ్ళిళ్ళు చేసేశారు. ఆ తర్వాత కూడా పల్లెల్లో చట్టం పేరు విన్నవాళ్ళు తక్కువ. చదువు సంగతి చెప్పనక్కర్లేదు. 1951 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద అక్షరం వచ్చిన ఆడవాళ్ళు నూటికి తొమ్మిదిమంది కూడా లేరు. సంతకం రాని ఆ అమ్మాయి సామెతలు, శాస్త్రాలు, పాటలు, లెక్కలు అన్నీ నోటనే నేర్చుకుంది. కన్నడ సరిహద్దు పక్కనే ఉండటం వల్ల హిందూపురం, మడకశిర పల్లెల్లో ఇంట తెలుగు, సంతలో కన్నడం, తురకవారి ఇళ్ళతో ఉర్దూ కలిపి మాట్లాడే నేర్పు ఆమెకు బడి లేకుండానే అబ్బింది.

పెళ్ళి చాలావరకు మేనరికమే. అత్త కొడుకుకు, మేనమామ కొడుకుకు పిల్లనివ్వడం ఒక పద్ధతి. అక్క కూతుర్ని తమ్ముడు చేసుకోవడం ఈ సీమలో అంతే మామూలు. ఈ రెండో పద్ధతిలో ఆడపిల్లకు అమ్మమ్మే అత్త అవుతుంది. పుట్టినప్పుడు నీళ్ళు పోసిన అవ్వ చేతి కిందికే పిల్ల కాపురానికి వస్తుంది. దీనివల్ల కొత్త కోడలికి మెట్టినింట్లో పరాయితనం ఉండేది కాదు. పొలం, బంగారం రక్తసంబంధం దాటి పోయేవి కావు. అన్నిటికంటే ముఖ్యంగా, కూతుళ్ళ ఇళ్ళనూ కొడుకుల ఇళ్ళనూ కలిపి పట్టి ఉంచే ముడి అవ్వ చేతిలో ఉండేది. ఎవరి పిల్లను ఎవరికి చేసుకోవాలన్నది మగవాళ్ళు అరుగు మీద మాట్లాడినా, తేల్చేది లోపల ఈమే. దీనికి కీడు పక్క కూడా ఉంది. దగ్గరి రక్తసంబంధాల్లో తరతరాలుగా పెళ్ళిళ్ళు జరిగితే కొన్ని వంశపారంపర్య వ్యాధులు పిల్లల్లో బయటపడే అవకాశం పెరుగుతుంది. వైద్యులు ఈ సంగతి చెప్పడం మొదలుపెట్టాక, చదువుకున్న మనవరాళ్ళు మేనమామను చేసుకోం అని ఎదురు చెప్పాక, ఆ ముడి వదులైంది. ఆ మార్పు మంచిదే. దానితోపాటు అవ్వ మాటకున్న బరువు కొంత తగ్గిందన్నదీ నిజమే.

కోడలిగా వచ్చిన మనిషి అవ్వ కావడానికి ముప్పై, నలభై ఏళ్ళు పట్టేది. ఆ నడిమి కాలమంతా అత్త కింద, తోడికోడళ్ళ మధ్య చాకిరీ. తెల్లవారుజామున రాగులు విసరడం, కసువూడ్చడం, పేడనీళ్ళ కల్లాపి, బాయి నీళ్ళు, పసరాల పని, సద్ది కట్టుకుని చేనికి పోవడం. అత్త చనిపోయాకో, చేతగాక మూల కూర్చున్నాకో బీగాల గుత్తి పెద్దకోడలి నడుముకు వచ్చేది. ఆ గుత్తిలో ముఖ్యమైన బీగం గింజలున్న గదిది. రాగి, కొర్ర, జొన్న, అనుములు, అలసందలు, కందులు ఏది ఎంత ఉంది, విత్తనానికి ఎంత తీసిపెట్టాలి, కూలివాళ్ళకు ఎంత కొలవాలి, వచ్చే పంట దాకా రోజుకు ఎన్ని శేర్లు వాడాలి అన్న లెక్క ఆమెదే. గాదెలు చాలనప్పుడు నేలలో తవ్విన పాతరలో గింజలు పోసి, మట్టితో మూసి పెట్టేవారు. వేపాకు, బూడిద కలిపి విత్తనం పురుగు పట్టకుండా కాపాడే పని ఆడవాళ్ళదే. పంట పోయిన ఏడు ఇల్లు నిలబడిందా చెదిరిందా అన్నది ఆ విత్తనపు కుండ మీదే ఆధారపడేది.

ఆమె అధికారం ప్రతిరోజూ కళ్ళకు కనబడే చోటు సంగటి కుండ. ఎసరు మరిగాక గుప్పెడు నూకలు వేసి మెత్తగా ఉడకనిస్తారు. దాని మీద రాగిపిండి కుప్పగా పోసి, నడుమ కట్టెతో ఒక గుంట చేసి, మూత పెట్టి సన్నని సెగ మీద ఆవిరి పట్టనిస్తారు. పిండి పచ్చివాసన పోయిందని ముక్కుతోనే తెలుసుకోవాలి. తర్వాత కుండ దించి, రెండు పాదాల మధ్య కదలకుండా అదిమి పట్టి, కట్టెతో ఉండలు లేకుండా గెలకాలి. పదిహేనుమంది తినే ఇంట్లో ఈ గెలుకుడుకు భుజాల్లో సత్తువ కావాలి కాబట్టి ఆ పని నడివయసు కోడలిది. అవ్వ పని ముద్దలు కట్టడం. చెయ్యి తడి చేసుకుని, వేడివేడి సంగటిని తీసి, గుండ్రంగా తిప్పి తట్టలో పెడుతుంది. చేనికి పోయేవాడికి పెద్ద ముద్ద, బాలింతకు నెయ్యి వేసిన ముద్ద, బడికి పోయే పిల్లలకు ఊరిబిండితో చిన్న ముద్ద. ఎవరు ఎంత పని చేశారు, ఎవరికి ఒళ్ళు బాగాలేదు, ఎవరు అలిగి ఉన్నారు అన్నది ఆ ముద్దల కొలతలో తెలిసిపోయేది. ఆఖరున కుండ అడుగున మిగిలిన మాడు ఆడవాళ్ళకు. ఈ వరుస న్యాయమైనది కాదు. ఆ ఇళ్ళలో ఆడపిల్లలూ కోడళ్ళూ రక్తహీనతతో బాధపడటానికి ఆఖరున తినడమూ ఒక కారణం. కోడలిగా మాడు తిన్న మనిషే అవ్వ అయ్యాక అదే వరుసను కాపాడింది. మార్చినవాళ్ళు కూడా ఉన్నారు గాని తక్కువ.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక సంగటి కుండ పక్కన అన్నం కుండ చేరి, మెల్లగా దాని చోటు ఆక్రమించింది. చేలల్లో కూడా రాగి, కొర్ర తగ్గి చెనిక్కాయ (వేరుశనగ) నిండిపోయింది. దేశంలోనే చెనిక్కాయ అత్యధికంగా పండించే జిల్లాల్లో ఒకటిగా అనంతపురం పేరు పడింది. డబ్బు పంట వచ్చింది, అమ్మకం మగవాళ్ళ చేతికి పోయింది. ఇంట్లో తినే గింజ తగ్గేకొద్దీ గింజల గది బీగానికి విలువ తగ్గింది. అవ్వ అధికారం తగ్గడానికి చదువులు, పట్నవాసం కారణాలని అందరూ చెబుతారు. చెనిక్కాయ పంట కూడా అంతే కారణమన్న సంగతి మీద దృష్టి పెట్టినవాళ్ళు తక్కువ.

ధర్మవరంలో నేతపని ఇళ్ళ అవ్వ జీవితం ఇంకో తీరు. తొగట, పద్మశాలి, దేవాంగ కుటుంబాల్లో మగ్గమే పొలం. గుంత మగ్గంలో కాళ్ళు పెట్టి కూర్చుని చీర నేసేది ఎక్కువగా మగవాళ్ళు. అయితే మగ్గం మీదికి పోగు వచ్చేలోపు జరిగే పని అంతా ఆడవాళ్ళది, అందులోనూ కళ్ళు, వేళ్ళు అనుభవంతో పనిచేసే ముసలివాళ్ళది. పట్టు నూలు చిలపల నుంచి విప్పి, రాట్నం మీద కండెలు చుట్టాలి. పోగు తెగితే తడి వేలితో పురి పెట్టి అతకాలి. ఒక పడుగు అయిపోయి కొత్త పడుగు ఎక్కించేటప్పుడు పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే కలపాలి. దీన్ని అచ్చు అతకడం అంటారు. వేల పోగులుంటాయి. కొద్దిగా బూడిద అద్దుకున్న బొటనవేలూ చూపుడువేలూ మధ్య రెండు కొసలు పెట్టి ఒక్కసారి మెలి తిప్పితే ముడి లేకుండా అతుక్కుంటాయి. ముడి ఉంటే అచ్చు పళ్ళలో ఇరుక్కుని తెగుతుంది, ఒక్క పోగు వరుస తప్పితే చీర పొడుగునా గీత పడుతుంది. చత్వారం వచ్చిన కళ్ళతో కూడా అవ్వలు వేలి స్పర్శతోనే పోగు తప్పకుండా అతుకుతారు. ధర్మవరం చేనేత పట్టుచీరలకూ పావడాలకూ భౌగోళిక గుర్తింపు దక్కింది. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీది చిత్రాల్లోని ఆడవాళ్ళ చీరల అంచులు, బుట్టాలు ధర్మవరం నేతకు నమూనాలయ్యాయని చెప్పుకుంటారు. ఇంత పేరు వచ్చినా ఈ వేళ్ళ పనికి ఎప్పుడూ విడిగా కూలి లెక్క కట్టలేదు. మగ్గం కూలి ఇంటి పెద్ద చేతికి ఒకటిగా వచ్చేది, అందులోనే అన్నీ కలిసిపోయేవి.

హిందూపురం చుట్టుపక్కల పని వేరు. అక్కడ పట్టుగూళ్ళ మార్కెట్, చింతపండు మార్కెట్ రెండూ పేరున్నవి. మల్బరీ తోటలున్న ఇళ్ళలో పురుగులకు పూటపూటకూ ఆకు కోసి వేయడం, గూళ్ళు కట్టుకునే చంద్రికల మీదికి ఎక్కించడం నెలకు దగ్గరగా సాగే పని. పురుగుకు మితిమీరిన వేడి, మితిమీరిన తేమ, పొగ, ఘాటు వాసన ఏదీ గిట్టదు కాబట్టి ఆ గదిలోకి ఎవరు ఎప్పుడు పోవాలన్న కట్టుదిట్టం అవ్వదే. ఎండాకాలం మొదలయ్యేనాటికి చింతకాయలు వస్తాయి. పెంకు కొట్టి, ఈనె లాగి, గింజ తీసే పనికి ముసలివాళ్ళే ఎక్కువగా కూర్చుంటారు. ఇంటి పట్టునే చేసుకునే పని, కూలి చేతికే వస్తుంది. పొలం రాబడిలో ఎప్పుడూ చూడని తన డబ్బును ఎందరో అవ్వలు మొదట చూసింది చింతపండు కూలిలోనే. ఆ డబ్బు ఆకువక్క తిత్తిలోకి పోయి, మనవరాలి ఓణీగానో, తిరునాళ్ళలో పిల్లల బొరుగులుగానో బయటికి వచ్చేది.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది ఆచారం. మంత్రసాని ఊరికొకరు ఉన్నా పురిటి గది పెత్తనం అవ్వది. బాలింతకు పథ్యం, కాయం, వేడినీళ్ళ స్నానం, బిడ్డకు ఆముదం రాసి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోయడం, సాంబ్రాణి పొగ, కాటుక, దిష్టి అన్నీ ఆమె చేతివే. ఒంటికి నూనె రాసి నలిచే ఆ పద్ధతి బిడ్డకు మేలు చేసేదే. అదే చేతుల మీదుగా కీడు కూడా జరిగింది. ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోయించడం, బదులుగా చక్కెర నీళ్ళు నాకించడం పసిబిడ్డలకు చేటు చేసింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, అంగన్‌వాడీలు వచ్చాక ఈ అలవాటును మాన్పించడానికి కార్యకర్తలు మొదట ఒప్పించాల్సి వచ్చింది తల్లులను కాదు, అవ్వలనే. అవ్వ ఒప్పుకున్న ఇంట్లో బిడ్డకు టీకా పడింది, గర్భిణి ఆసుపత్రికి పోయింది. పెనుకొండలో బాబయ్య దర్గాకు మొక్కుకుని, కదిరి నరసింహస్వామికి ముడుపు కట్టి, ఆ తర్వాత ఆసుపత్రికి బయలుదేరిన కుటుంబాలు ఈ సీమలో లెక్కలేనన్ని.

కరువు ఏళ్ళలో అవ్వ బాధ్యత రెట్టింపయ్యేది. 1950ల మొదట్లో వరుసగా వానలు ఎగ్గొట్టినప్పుడు రాయలసీమ అంతటా గంజి కేంద్రాలు పెట్టారు. పిల్లలను వెంటబెట్టుకుని ఆ వరుసల్లో నిలబడ్డవాళ్ళు ముసలివాళ్ళే. పరువుగల ఇళ్ళవాళ్ళు గంజికి పోలేక, అవ్వ మెడలోని గుండ్లో, కాళ్ళ కడియాలో కుదవ పెట్టారు. ఆమె ఒంటి మీది వెండి బంగారాలు కుటుంబానికి ఆఖరి ఆసరా. అవే ఆమెకు నిజంగా చెందిన ఆస్తి కూడా. స్త్రీధనం మీద ఆడదానికి హక్కుందని పాత ధర్మశాస్త్రాలూ ఒప్పుకున్నాయి గాని, ఇల్లు ఆకలితో ఉన్నప్పుడు ఆ హక్కును అడ్డం పెట్టుకున్న అవ్వ లేదు.

భూమి సంగతి వేరు. హిందూ కుటుంబాలకు వర్తించిన మితాక్షర న్యాయం ప్రకారం ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వాటా మగపిల్లలకే ఉండేది. కొడుకులు, మనవళ్ళు పంచుకునేటప్పుడు తల్లికీ, నాయనమ్మకూ ఒక పాలు ఇవ్వాలని కొన్ని శాఖలు చెప్పినా, దక్షిణాదిలో ఆ ఆచారం ఎప్పుడో పోయింది. మిగిలింది తిండీ బట్టా పొందే పోషణ హక్కు మాత్రమే. 1937లో వచ్చిన చట్టం భర్త చనిపోయిన ఆడదానికి అతని వాటాను బతికినన్నాళ్ళూ అనుభవించే హక్కు ఇచ్చింది, అమ్ముకునే హక్కు ఇవ్వలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ఆ పరిమిత హక్కును సంపూర్ణ హక్కుగా మార్చింది. కొడుకు తనకంటే ముందే చనిపోతే అతని సొంత ఆస్తిలో భార్యాబిడ్డలతో సమానంగా తల్లికి ఒక పాలు వచ్చేలా చేసింది కూడా ఆ చట్టమే. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వాటా ఇచ్చిన సవరణను దేశంలోని అనేక రాష్ట్రాల కంటే ముందు ఆంధ్రప్రదేశ్ తెచ్చింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. అయితే ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళకు అది వర్తించలేదు. అందువల్ల మనవరాళ్ళకు అందింది గాని అవ్వకూ ఆమె కూతుళ్ళకూ అందలేదు. 2005లో కేంద్రం చేసిన సవరణతో పెళ్ళి అడ్డంకి తొలగింది. హిందూపురం, పెనుకొండల్లో పెద్దసంఖ్యలో ఉన్న ముస్లిం కుటుంబాల్లో దాదీకీ నానీకీ పరిస్థితి మొదటినుంచీ కొంత మెరుగు. మనవడు చనిపోయి అతని తల్లి లేనప్పుడు నానమ్మ, అమ్మమ్మల వరసకు ఆస్తిలో ఆరోవంతు వాటాను ముస్లిం న్యాయశాస్త్రం ఖరారు చేసింది. నానమ్మ విషయంలో తండ్రి కూడా లేకపోవాలన్నది నియమం.

ఈ సీమ అవ్వల్లో జీవితం పదిమందికీ తెలిసేలా నమోదైన మనిషి పుట్టపర్తి ఈశ్వరమ్మ. పెద్ద వెంకమరాజు భార్య, ముగ్గురు కొడుకులకూ ఇద్దరు కూతుళ్ళకూ తల్లి. 1926 నవంబరు 23న పుట్టిన కొడుకు సత్యనారాయణరాజే సత్యసాయిబాబా. పెనుకొండలో రైలు దిగి ఎడ్లబండ్ల మీద భక్తులు రావడం మొదలైన కాలంలో ఆమె పల్లెటూరి ఉమ్మడి ఇంటి ఇల్లాలు. కొడుకు పేరు దేశాలు దాటినా ఆమె బతుకు తీరు మారలేదు. ఊరి పిల్లలకు బడి, రోగులకు ఆసుపత్రి, తాగడానికి నీళ్ళు కావాలని ఆమె కొడుకును అడిగిందని ఆశ్రమ సంప్రదాయం చెబుతుంది. అక్షరం కోసం, కాన్పు కోసం, బిందెడు నీళ్ళ కోసం అంగలార్చిన తరం అవ్వ ఎవరైనా ఆ మూడే అడిగేది. 1956లో పుట్టపర్తిలో చిన్న ఆసుపత్రి తెరిచారు. 1972 మే 6న ఆమె బెంగళూరు దగ్గరి వైట్‌ఫీల్డ్ ఆశ్రమంలో కన్నుమూసింది. 1995–96లో సత్యసాయి సంస్థ అనంతపురం జిల్లాలో 700 పైగా గ్రామాలకు తాగునీరు అందించే పథకాన్ని పూర్తిచేసింది. మే 6ను ఈశ్వరమ్మ దినంగా ఏటా జరుపుతారు.

1980ల తర్వాత ఉమ్మడి ఇళ్ళు విడిపోయాయి. పొయ్యిలు వేరయ్యాయి. బోర్లు ఎండి, చెనిక్కాయ తేలిపోయి, జనం బెంగళూరు దారి పట్టారు. హిందూపురానికి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లే. భార్యాభర్తలు కట్టడాల పనికి వలస పోతే పిల్లలు అవ్వ దగ్గర మిగిలారు. అరవై దాటిన వయసులో ఆమె రెండోసారి తల్లి అయింది. పిల్లలను బడికి పంపడం, జ్వరమొస్తే ఆసుపత్రికి మోసుకుపోవడం, చౌకదుకాణం వరుసలో నిలబడటం, ఫోన్లో కొడుకుతో మాట్లాడించి ఏడుపు మాన్పించడం అన్నీ ఆమె పనే. హిందూపురం బట్టల ఫ్యాక్టరీలకు కోడళ్ళు షిఫ్టులకు పోయే ఇళ్ళలో, 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఉత్పత్తి మొదలయ్యాక మనవళ్ళు ఉద్యోగాలకు పోతున్న ఇళ్ళలో కూడా పసిపిల్లలను కనిపెట్టుకుని ఉండేది ఆమే. ఆ ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళు పనిచేయగలగడానికి ఇంటి దగ్గర అవ్వ చేసే జీతంలేని పని ఎంత కారణమో లెక్కగట్టినవాళ్ళు లేరు. గట్టాలి.

వృద్ధాప్య పింఛను ఆమె జీవితంలో ఆలస్యంగా వచ్చిన పెద్ద మార్పు. 1995 ఆగస్టు 15న కేంద్రం మొదలుపెట్టిన పింఛను నెలకు 75 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో అది 2014లో 1,000, 2019లో 2,000, 2024లో 4,000 రూపాయలైంది. అర్హత వయసు కూడా 65 నుంచి 60కి తగ్గింది. ప్రతి నెలా మొదటి తేదీన తన పేరిట, తన వేలిముద్రతో చేతికి వచ్చే డబ్బు ఇది. గింజల గది బీగం పోయాక ఇంట్లో ఆమె మాటకు మళ్ళీ కొంత బలం ఇచ్చింది ఈ వేలిముద్రే. మందులకు, మనవడి పుస్తకాలకు, పొదుపు సంఘం కంతుకు కోడలు ఆమెను అడగాల్సిన రోజు వచ్చింది. పింఛను కోసమే ముసలివాళ్ళను వంతులేసుకుని చూసే కొడుకులు కూడా ఉన్నారు. వంతులు తప్పించుకునే కొడుకులకు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఉంది. తల్లిదండ్రులే కాక తాతలు, అవ్వలు కూడా వయసొచ్చిన మనవళ్ళ నుంచి పోషణ కోరవచ్చు. సబ్ డివిజన్ అధికారి స్థాయి ట్రిబ్యునల్‌కు, అంటే పెనుకొండలోనో ధర్మవరంలోనో ఆర్డీవో కార్యాలయానికి, తెల్లకాగితం మీద అర్జీ ఇస్తే చాలు. వకీలు అక్కర్లేదు. చూసుకుంటామని రాయించుకున్న ఆస్తిని చూసుకోనివాళ్ళ నుంచి వెనక్కి తీసుకునే వీలు కూడా అందులో ఉంది. చూసుకోవాలన్న షరతు దస్తావేజులో రాయించి ఉంటే ఆ పని సులువవుతుంది.

2011 జనాభా లెక్కల నాటికి దేశంలో అరవై దాటినవాళ్ళు నూటికి 8.6 మంది. వాళ్ళలో ఆడవాళ్ళు సుమారు 5.3 కోట్లు, మగవాళ్ళు 5.1 కోట్లు. ఆడవాళ్ళు ఎక్కువకాలం బతుకుతున్నారు, వాళ్ళలో చాలామంది భర్త పోయాక బతుకుతున్నారు. మంచాన పడ్డ ఆఖరు రోజుల్లో తొంభై ఏళ్ళ అవ్వకు సేవ చేసేది చాలాసార్లు డెబ్భై ఏళ్ళ కూతురో కోడలో. మోకాళ్ళు, కళ్ళు, చెవులు ఆ ఇద్దరికీ ఒకేసారి అరిగి ఉంటాయి. ఇంటికే వచ్చి చూసే నర్సు, చక్రాల కుర్చీ, కంటి శుక్లం ఆపరేషన్ వంటివి పల్లెకు ఇంకా దూరం.

నిండు వయసులో పోయిన అవ్వను మేళతాళాలతో, పూలు, బొరుగులు చల్లుతూ సాగనంపుతారు. మునిమనవళ్ళను చూసిన చావు కాబట్టి ఏడుపు కంటే మర్యాద ఎక్కువ. ఆ తర్వాత ఏటా పెద్దల అమావాస్యకు కొత్త చీర, ఓళిగలు పెట్టి ఆమె పేరు తలుచుకుంటారు. పుట్టబోయే ఆడపిల్లకు ఆమె పేరు ముందే ఖాయమై ఉంటుంది. ఆమె వదిలిపోయినవి ఆచారం ప్రకారం కూతుళ్ళకూ కోడళ్ళకూ పోతాయి: కమ్మలు పెద్దకూతురికి, గాజులు చిన్నకూతురికి, రాగి కొప్పెర కోడలికి. చట్టం లెక్క వేరు. వీలునామా లేకుండా చనిపోయిన హిందూ స్త్రీ ఆస్తి కొడుకులకూ కూతుళ్ళకూ, భర్త ఉంటే అతనికీ సమానంగా చెందుతుంది. ముందే చనిపోయిన కొడుకు, కూతుళ్ళ పాలు వాళ్ళ పిల్లలకు పోతుంది. సొంత పేరిట ఇల్లో, సెంటు భూమో, బ్యాంకులో పింఛను డబ్బో ఉన్న అవ్వలు ఇప్పుడు చాలామంది కాబట్టి, ఓపిక ఉన్నప్పుడే ఇద్దరు సాక్షుల ఎదుట వీలునామా రాయించుకోవడం మేలు. దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. సంతకం రానివాళ్ళ వేలిముద్ర చెల్లుతుంది.